ఐ20 ఎన్ లైనా, ఆల్ట్రోజ్ రేసరా, ఇంట్లోవాళ్లు చెప్పే ఎర్టిగానా: ఏది మేలు?

"అన్నా, నాకు ఎన్ లైన్ మీద మనసు పడింది. ఇంట్లో ఎర్టిగా అంటోంది. ఏం చెప్పి ఒప్పించేది?" ఒంగోలు, కావలి, కందుకూరు, గూడూరు... అడిగేవాళ్ల ఊరు మారుతోంది గానీ ప్రశ్న మాత్రం ఇదే. ఈమధ్యే మా ఇంట్లో కూడా ఈ పంచాయితీ తెగింది గనక, నాకు తోచింది అందరికీ కలిపి రాసేస్తున్నా.

బండ్ల సంగతి మీకు తెలిసిందే: ఐ20 ఎన్ లైన్ హ్యుందాయ్‌ది, ఆల్ట్రోజ్ రేసర్ టాటాది, రెండూ హుషారుగా పోయే చిన్నబండ్లు; ఎర్టిగా మారుతివాళ్ల ఏడు సీట్ల బండి. అంకెలు ఒకసారి పక్కపక్కన పెట్టుకుందాం. ఐ20 ఎన్ లైన్ 998 సీసీ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపి బలం పెంచే ఏర్పాటు), 120 పీఎస్ పవర్, 172 ఎన్ఎం టార్క్, అంటే లాగే బలం. ఆల్ట్రోజ్ రేసర్ 1199 సీసీ టర్బో, అదీ 120 పీఎస్సే, టార్క్ 170. ఎర్టిగా 1462 సీసీ, టర్బో లేదు, నూటికి కాస్త పైన పవర్, 140కి కాస్త లోపు టార్క్. ఎన్ లైన్ మాన్యువల్‌లోనూ డీసీటీలోనూ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు) వస్తుంది, రేసర్ మాన్యువల్ ఒక్కటే. 2024 జూన్‌లో రేసర్ వచ్చినప్పుడు షోరూం ధర 9.49 లక్షల నుంచి మొదలైంది. ఎన్ లైన్ కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే మొదలై, డీసీటీ పై వేరియంట్‌కు పోయేసరికి బాగా పెరుగుతుంది.

ఇప్పుడు ఇంట్లో వచ్చే ప్రశ్నలు. మా ఆవిడ అడిగినవి నాలుగు. "పది లక్షలు పోసి నేల మీద కూర్చునే బండి ఏందండీ? మా అమ్మ ఎక్కగలదా? పెట్రోలు ఎంత తాగుద్ది? అసలు మీకు ఆ స్పీడు ఎందుకు?" మొదటి మూడింటికీ మనవాళ్లు లెక్కలు కట్టి మరీ జవాబు చెప్తారు. నాలుగోదాన్ని నవ్వి వదిలేస్తారు. అసలు అభ్యంతరం అదే. మిగతావి దానికి ముందు వచ్చే మాటలు.

స్పీడంటే భయపడే మనిషికి సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చెప్పడం కన్నా తెలివితక్కువ పని లేదు. ఎగ్జాస్ట్ చప్పుడు వినిపించడం ఇంకా ఘోరం. ఆ రెండూ మన సంబరం కోసం. ఇంట్లో చెప్పాల్సింది వేరే ఉంది: ఓవర్‌టేక్.

మా అత్తగారి ఊరు మార్కాపురం వైపు. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుంటే చీమకుర్తి, పొదిలి మీదుగా పోవాలి. ఆ దారి తెలిసినవాళ్లకు గ్రానైట్ ట్రైలర్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. గొలుసులతో కట్టిన ఒకే ఒక్క నల్లరాయి, దాని బరువుకు వెనక టైర్లు అణిగిపోయి, మెల్లగా పోతుంటుంది. దాని వెనక మనం, మన వెనక ఆర్టీసీ బస్సు హారన్. రెండు వరుసల రోడ్డు వచ్చిన చోట ఎంతసేపని వెనకే పోతాం? కుడి వైపుకు రావాల్సిందే.

ఇక్కడ చిన్న లెక్క. ట్రైలర్ 50లో పోతోందనుకోండి. దాని వెనక ఇరవై మీటర్లు, ట్రైలర్ పొడవు ఇరవై, దాటాక ఇంకో ఇరవై, మొత్తం 60 మీటర్లు మనం దానికంటే ఎక్కువ పోవాలి. బలం తక్కువున్న బండిలో ఆ దూరం మీద మన సగటు స్పీడు 70 అనుకుంటే, దాటడానికి పదకొండు సెకన్లు. బలమున్న బండి సగటున 80 అందుకుంటే ఏడు సెకన్లు. ఎదురుగా బస్సు 60లో వస్తుంటే, మొదటి బండికి దాదాపు 390 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి, రెండోదానికి 280 చాలు. ఆ తేడా 110 మీటర్లు. అందులో 50 మీటర్లు మనం రాంగ్ సైడులో అదనంగా పోయే దూరం, మిగతాది ఆలోపు బస్సు మన మీదికి వచ్చే దూరం. కాగితం మీది లెక్కే అనుకోండి, కానీ రోడ్డు మీద జరిగేదీ ఇదే.

ఇందులో పవర్ కన్నా టార్క్ ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం. ఎన్ లైన్‌లో ఆ 172 ఎన్ఎం 1500 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది, 4000 దాకా నిలబడుతుంది. రేసర్‌లో 1750 నుంచి. ఎర్టిగాలో పూర్తి టార్క్ రావాలంటే 4300 దగ్గరికి పోవాలి. అంటే రెండో గేరుకు దించి, ఇంజిన్ గోలపెట్టేదాకా తొక్కాలి. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను ఉంటే చెప్పక్కర్లేదు. టర్బోలో మూడో గేరులో కాలు కొంచెం వేస్తే చాలు, చప్పుడు లేకుండా ముందుకు పోతుంది. చూసేవాళ్లకు అది స్పీడులా కనిపించదు కూడా.

అందుకే టెస్ట్ డ్రైవ్ ఊళ్లో తీసుకోవద్దు. షోరూం కుర్రాడు ట్రంకు రోడ్డులో ఒక చుట్టు తిప్పి, ఏసీ చూపించి, పాట పెట్టి తీసుకొచ్చేస్తాడు. రెండు వరుసల రోడ్డు దాకా పోనిమ్మని అడగండి. ఇంటావిడను ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టి, మీరు మామూలుగా నడపండి. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆమె చెయ్యి ఎక్కడికి పోతుందో ఓరకంట గమనించండి. పాత బండిలో మేం ట్రైలర్ దాటేటప్పుడల్లా మా ఆవిడ తన కుడికాలితో అక్కడ లేని బ్రేకును తొక్కేది, చెయ్యి పైనున్న హ్యాండిల్ పట్టుకునేది, మాట మధ్యలో ఆగిపోయేది. ఎన్ లైన్‌లో దాటేశాక కూడా వాళ్ల తమ్ముడి పెళ్లి సంబంధం సంగతి చెప్తూనే ఉంది. నేను ఇంకేమీ వాదించలేదు. పనిలో పనిగా దానికి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులేనని మాత్రం చెప్పా.

ఆమె గెలిచిన పాయింట్లు కూడా చెప్పాలి కదా. క్రాష్ టెస్ట్ సంగతి ఆమే తవ్వి తీసింది. కార్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆల్ట్రోజ్‌కు 2020లోనే ఐదు స్టార్లు వచ్చాయి. ఐ20కి 2022లో మూడే. అప్పుడు పరీక్షించింది రెండు ఎయిర్‌బ్యాగుల బండిని, 2023లో మారిన మోడల్ నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్నిట్లోనూ ఇస్తున్నారు. అయినా ఈ విషయంలో టాటాదే పైచేయి, ఇందులో వాదన లేదు. ఎక్కి దిగడంలో కూడా అంతే. ఆల్ట్రోజ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా అత్త చీర కుచ్చిళ్లు పట్టుకుని, వెనక్కి తిరిగి ముందు కూర్చుని, తర్వాత ఒక్కో కాలూ లోపలికి తీసుకుంటుంది. తలుపు పూర్తిగా తెరుచుకుంటే ఆ పని ఎంత సులువో పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఎన్ లైన్‌లో ఆమెకు చెయ్యి ఇవ్వాలి. ఎర్టిగా మధ్య సీటైతే ఈ బాధే లేదు.

ఎర్టిగా వాదనలో నేను ఒప్పుకోనిది ఏడు సీట్ల సంగతి. ఏడుగురూ ఎక్కితే వెనక మిగిలేది 209 లీటర్ల జాగా. ఐ20 డిక్కీ 311, ఆల్ట్రోజ్ 345. ఏడుగురు పెళ్లికి పోతే ఏడుగురి బ్యాగులు ఒళ్లో పెట్టుకోవాలి. అయితే అమ్మానాన్న మీతోనే ఉండి, ఇద్దరు పిల్లలుంటే మాత్రం ఇక్కడితో చదవడం ఆపేసి ఎర్టిగా బుక్ చేసుకోండి. ఆ ఇంటికి చిన్నబండి కొనడం న్యాయం కాదు. మా ఇంట్లో ముగ్గురమే, పండగలకు నలుగురం.

డబ్బుల దగ్గరికొద్దాం. ఇక్కడ మగవాళ్లకు ఒక తురుపుముక్క ఉంది, చాలామంది వాడుకోరు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇంజిన్ సైజును బట్టి కడతాం. 1000 సీసీ లోపు ఉంటే ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 దాకా 3,416. ఎన్ లైన్ 998 సీసీ గనక మొదటి గుంపులోకి వస్తుంది. అంటే 1197 సీసీ స్విఫ్ట్ కన్నా ఈ "రేసు బండి"కి థర్డ్ పార్టీ తక్కువ! మా ఆవిడ నమ్మక పాలసీ కాగితం తెప్పించుకుని చూసింది. అలాగే 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు బండికి జీఎస్టీ 18 శాతం. ఎర్టిగా ఆ రెండు కొలతలూ దాటిపోయింది గనక దానికి 40. అంటే మీరు కట్టేదాంట్లో బండికి ఎంత, పన్నుకు ఎంత పోతుందో చూసుకోండి.

పెట్రోలు దగ్గర మాత్రం దాచొద్దు. స్విఫ్ట్ 18 ఇచ్చే చోట టర్బో 13 ఇస్తుందనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన నెలకు 2,300 దాకా ఎక్కువ. నా లెక్క నేనే కాగితం మీద రాసి ముందు పెట్టా. ఆమె వేసుకున్న లెక్క అంతకంటే ఎక్కువే ఉన్నట్టుంది, "ఇంతేనా?" అంది. కంపెనీ చెప్పిన మైలేజీ చెప్పి ఒప్పించారో, మొదటి నెల బంకు బిల్లు చూసిన రోజున మీ పని అయిపోతుంది.

గేరుబాక్సు విషయానికి వస్తే, ఇద్దరూ నడిపే ఇల్లయితే డీసీటీ. ఆమెకు నడపబుద్ధయ్యే బండే ఇంట్లో నిలుస్తుంది. ధర లక్ష దాకా పెరుగుతుంది, పది లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది, అది ముందే లెక్కలో వేసుకోండి. ఇంకొకటి, అది డ్రై క్లచ్ డీసీటీ, అంటే క్లచ్‌ను చల్లబరచడానికి నూనె ఉండదు. ఎత్తులో ఆగినప్పుడు బ్రేకు వదిలేసి యాక్సిలేటర్ మీద బండిని నిలబెట్టే అలవాటుంటే మానుకోవాలి, క్లచ్ వేడెక్కుతుంది. ఒంగోలు ట్రాఫిక్‌కు ఇది పెద్ద సమస్య కాదు. రోజూ చెన్నై ఊళ్లో తిరిగేవాళ్లయితే మాన్యువలా డీసీటీనా అని ఇంకోసారి ఆలోచించండి.

మిగతావి గబగబా. స్విఫ్ట్ మంచి బండే, ఊళ్లోకి బంగారం, కానీ 112 ఎన్ఎంతో పైన చెప్పిన లెక్క కుదరదు. ఫ్రాంక్స్ టర్బో మధ్యస్తం, ఎత్తు కావాలంటే చూడొచ్చు. వెన్యూ ఎన్ లైన్‌లో ఇదే ఇంజిన్, ఎత్తైన సీటు, గట్టిగా పట్టుబట్టే ఇంట్లో రాజీకి పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ పోలో జీటీ అంటారు కొందరు. ఆ బండి 2022లోనే ఆగిపోయింది, దాని మీద పాత ప్రేమ ఉంటే తప్ప వద్దు. మినీ కూపర్ ఎస్ 2024లో 44.90 లక్షలకు, గోల్ఫ్ జీటీఐ 2025లో 53 లక్షలకు వచ్చాయి, అవీ షోరూం ధరలే. వాటికి ఇంట్లో ఒప్పించే ఉపాయం నా దగ్గర లేదు. రెండెకరాల రొయ్యల చెరువు మీద ఏటా డబ్బులు మిగిలేవాళ్లకు ఉంటే ఉండొచ్చు.

నెల్లూరు వాళ్లకు ఒక మాట. కార్తీక మాసం వానలకు మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే ఎన్ లైన్ అయినా ఎస్‌యూవీ అయినా ఒకటే, వెనక్కి తిప్పుకోండి. ఎన్ లైన్ గ్రౌండ్ క్లియరెన్స్ 170, ఆల్ట్రోజ్‌ది 165 మిల్లీమీటర్లు. పల్లెల్లో పంచాయతీవాళ్లు వేసిన స్పీడ్ బ్రేకర్లకు రెండూ చాలు, నలుగురు ఎక్కినప్పుడు కొంచెం వంకరగా ఎక్కించాలి, అంతే.

మొత్తం మీద నేను తీసుకున్నది ఎన్ లైన్ డీసీటీ. వెనక సీట్లో పెద్దవాళ్లు తరచూ కూర్చునే ఇల్లయితే, మాన్యువల్‌తో ఇబ్బంది లేకపోతే, రేసరే తీసుకోమంటా. స్టాక్ ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. డ్రైవింగ్ సరదాలో రెంటికీ పెద్ద తేడా లేదు, స్టీరింగ్ మాత్రం నాకు ఎన్ లైన్‌దే నచ్చింది.

మా ఆవిడ ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. 2019 నుంచి వచ్చే ప్రతి కారులోనూ 80 దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆపకుండా బీప్ కొడుతుంది కదా. నాలుగు వరుసల హైవే మీద కేంద్రం పెట్టిన పరిమితే 100. కాబట్టి ఆగి ఆగి కొట్టే బీప్‌కు అభ్యంతరం లేదట. ఆపకుండా కొట్టిందంటే తర్వాత వచ్చే టోల్‌గేటు దగ్గర సీట్లు మారాలి, అక్కణ్నుంచి ఇంటిదాకా ఆమే నడుపుతుంది. ఇప్పటిదాకా టంగుటూరు టోల్ దగ్గర రెండుసార్లు నేను ఎడమ పక్కకు మారా.