ఫ్రీ సోలో: తాడు లేని నాలుగు గంటల వెనకున్న పని

2017 జూన్ 3 ఉదయం 5:32కి అమెరికన్ క్లైంబర్ అలెక్స్ హానల్డ్ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అనే కొండగోడ అడుగున ఎక్కడం మొదలుపెట్టాడు. 9:28కి పైనున్నాడు. దాదాపు 3,000 అడుగుల గ్రానైట్ గోడను 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కేశాడు. కాళ్లకు బిగుతు బూట్లు, నడుముకు చేతుల చెమట పీల్చే చాక్ పొడి సంచి ఉన్నాయి, తాడు మాత్రం లేదు. ఈ సంగతంతా ముందే తెలిసి ఫ్రీ సోలో సినిమా చూసినా చివరి భాగంలో అరచేతులు చెమటలు పడతాయి. ఎలిజబెత్ చాయ్ వాసర్‌హెల్యీ, జిమ్మీ చిన్ కలిసి తీసిన ఈ డాక్యుమెంటరీకి 2019లో ఆస్కార్ వచ్చింది. వచ్చి తీరాల్సిన సినిమానే. అయితే జనం దీన్ని మెచ్చుకునే కారణం ఒకటి, ఇందులో నిజంగా మెచ్చుకోవలసింది ఇంకొకటి.

చూసినవాళ్లలో ఎక్కువమంది 'భయమంటే తెలియని మనిషి' అనుకుంటూ బయటికొస్తారు. దానికి కొంత కారణం సినిమాలోని మెదడు స్కానింగ్ దృశ్యం. యంత్రంలో పడుకోబెట్టి కలవరపెట్టే బొమ్మలు చూపిస్తే హానల్డ్ మెదడులో భయానికి స్పందించే అమిగ్డాలా పెద్దగా కదలలేదు. ఆ పరీక్ష చెప్పేది అంతవరకే. పడుకుని బొమ్మలు చూడడం వేరు, వేలి కొస మీద వేలాడడం వేరు. దర్శకులు ఆ తేడాను ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే బాగుండేది. మిగతా సినిమా అంతా ఆ ముద్రకు ఎదురు సాక్ష్యమే: 2016లో మొదటి ప్రయత్నాన్ని అతను మధ్యలోనే ఆపి వెనక్కి తిరిగాడు. భయం తెలియనివాడు వెనక్కి తిరగడు.

ఆ వెనక్కి తిరగడం ఎక్కడ జరిగిందో గమనించండి. అతను ఎంచుకున్న దారి పేరు ఫ్రీరైడర్. దాని కింది భాగాన్ని ఫ్రీబ్లాస్ట్ అంటారు. అక్కడ గోడ నిట్టనిలువుగా ఉండదు, కాస్త వాలుగా ఉంటుంది. చూసేవాళ్లకు అదే తేలిక భాగం అనిపిస్తుంది. నిజానికి అక్కడ చేతికి చెప్పుకోదగ్గ పట్టే దొరకదు. బూటు అడుగున ఉన్న రబ్బరు నున్నటి రాతిని కరుచుకుని ఉండడం మీదే అంతా ఆధారపడుతుంది. మడమ కొద్దిగా లేచినా, బరువు గోడ వైపు ఒరిగినా కాలు జారుతుంది, జారాక ఆపుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. తాడుతో సాధన చేస్తున్నప్పుడు హానల్డ్ ఆ భాగంలోనే పడి చీలమండ దెబ్బతీసుకున్నాడు. ఆ వాపు పూర్తిగా తగ్గకముందే చేసిన ప్రయత్నం ఆగిపోయింది. కాలి మీద నమ్మకమే ఆధారమైన చోట కాలే బాగాలేకపోతే వెనక్కి రావడమే సరైన నిర్ణయం.

ఇక బౌల్డర్ ప్రాబ్లెమ్. నేలకు దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉండే ఈ చిన్న భాగమే దారి మొత్తానికి 5.13ఏ అనే చాలా ఎత్తైన కష్టస్థాయిని తెచ్చిపెట్టింది. పట్టులు గోరంచు మందంలో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఒక చేతి బొటనవేలితో నొక్కి పట్టి, ఆ ఇరుకులోనే రెండో బొటనవేలికి మార్చుకోవాలి. ఆ తర్వాత ఎడమ కాలిని పక్కకు బారుగా విసిరి అవతలి మూల గోడను తన్నిపట్టాలి. పక్కనే టెఫ్లాన్ కార్నర్ అనే ఇంకో దారి ఉంది. అక్కడ కదలికలు ఇంత విడ్డూరంగా ఉండవు, కానీ ఆ మూల నున్నగా, జారుడుగా ఉంటుంది. కష్టమైనా కచ్చితంగా కంఠస్థం చేయగలిగిన కదలికలు ఒకవైపు, చూడ్డానికి సులువైనా ఎప్పుడు జారుతుందో తెలియని రాయి ఇంకోవైపు. హానల్డ్ మొదటిదాన్ని ఎంచుకున్నాడు. సినిమా మొత్తంలో అతని ఆలోచన ఎలా నడుస్తుందో చెప్పే ఘట్టం ఇదే.

సాధన దృశ్యాలను ముందుకు జరిపి చూడకండి. తాడు మీద వేలాడుతూ అదే భాగాన్ని మళ్లీ మళ్లీ ఎక్కడం, బ్రష్‌తో పట్టులు శుభ్రం చేయడం, వదులు రాళ్లు తీసేయడం, సాయంత్రం వ్యాన్‌లో కూర్చుని ఏ చేయి తర్వాత ఏ కాలు అని నోట్‌బుక్‌లో రాసుకోవడం, ఇవన్నీ చూశాకే చివరి ఎక్కుడు అర్థమవుతుంది.

కొత్తగా క్లైంబింగ్ నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే పాఠం మాత్రం ఒక చిన్న ప్రమాదంలో ఉంది. ఒక తేలికపాటి దారిలో హానల్డ్‌ను అతని ప్రియురాలు తాడుతో కిందికి దించుతుంటే తాడు చాలలేదు. దాని కొస ఆమె దగ్గరున్న, తాడును పట్టి ఉంచే పరికరంలోంచి జారిపోయింది, అతను పడి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. తాడు రెండో కొసన ఒక ముడి వేసి ఉంటే అది పరికరంలో చిక్కుకుని ఆగిపోయేది. సినిమా ఈ విషయాన్ని ప్రేమకథలో భాగంగా చూపించి వెళ్లిపోతుంది. ముడి గురించి గట్టిగా చెప్పాల్సిన చోటు అది.

కెమెరా పనికి నూటికి నూరు మార్కులు. గోడ మీద వేలాడుతూ చిత్రీకరించినవాళ్లంతా స్వయంగా అనుభవమున్న క్లైంబర్లే. ఒక లెన్స్ మూత జారినా కింద ఉన్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మనుషులు ఎదురుగా ఉంటే ఏకాగ్రత చెదురుతుందని బౌల్డర్ ప్రాబ్లెమ్ దగ్గర దూరం నుంచి నడిపే కెమెరాలు పెట్టారు. కింద పొడవాటి లెన్స్ పక్కన నిలబడిన మైకీ షేఫర్ చూడలేక ముఖం తిప్పుకునే దృశ్యం మరచిపోవడం కష్టం. తమ కెమెరా ఉండడం వల్లే ఇతను చనిపోతాడేమో అన్న ప్రశ్నను దాచకుండా సినిమాలోనే పెట్టడం దర్శకుల నిజాయితీ. ది ఆల్పినిస్ట్ (2021) అనే డాక్యుమెంటరీ ఇదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. అందులో మార్క్-ఆండ్రే లెక్లెర్ అనే క్లైంబర్ చిత్రబృందానికి చెప్పకుండానే మౌంట్ రాబ్సన్ ఎక్కేస్తాడు. పక్కన కెమెరా ఉంటే అది ఒంటరిగా ఎక్కినట్టు కాదని అతని లెక్క.

లోపం ఎక్కడంటే, గోడను చదవడం నేర్పదు. దాదాపు నాలుగు గంటల ఎక్కుడును కొద్ది నిమిషాలకు కుదించారు, అది తప్పదు. కానీ ఒళ్లంతా చీలికలో ఇరికించి ఈడ్చుకుంటూ పోవాల్సిన మాన్‌స్టర్ ఆఫ్‌విడ్త్ లాంటి భాగం చూస్తుండగానే దాటిపోతుంది. అక్కడ ఎంత శ్రమ ఖర్చవుతుందో కొత్తవాళ్లకు తెలియదు. ఫ్రీ క్లైంబింగ్‌కూ ఫ్రీ సోలోకూ తేడా కూడా ఇంకాస్త విడమరచాల్సింది. మొదటిదాంట్లో తాడు ఉంటుంది, పడితే పట్టుకోవడానికి మాత్రమే, పైకి లాగడానికి కాదు. రెండోదాంట్లో అదీ ఉండదు.

అందుకే ముందు ది డాన్ వాల్ అనే డాక్యుమెంటరీ చూడమని నా సలహా. అదే ఎల్ కాపిటాన్ మీద టామీ కాల్డ్‌వెల్, కెవిన్ జోర్గెసన్ తాడుతో 19 రోజులు గోడ మీదే ఉండి 2015 జనవరి 14న పూర్తిచేసిన ఎక్కుడు కథ అది. పిచ్ అంటే తాడు పొడవుకు మించని ఒక అంచె. పిచ్ మధ్యలో పడితే దాని మొదటి నుంచి మళ్లీ ఎక్కాలన్న నియమం ఆ సినిమా చూస్తే ఒంటపడుతుంది. 15వ పిచ్ దగ్గర జోర్గెసన్ రోజుల తరబడి ఆగిపోయాడు. కారణం కండబలం చాలకపోవడం ఒక్కటే కాదు, వేలికొసల చర్మం చిరిగిపోవడం. చర్మం మానేదాకా ఆగాలి. ఎండలో వేళ్లు చెమర్చి పట్టు జారుతుంది కాబట్టి చలికాలం రాత్రుల్లో తలకు లైట్లు కట్టుకుని ఎక్కారు. ఇదంతా తెలిశాక ఫ్రీ సోలో పెట్టుకుంటే, తెల్లవారుజామునే ఎందుకు బయలుదేరాడో, మాటిమాటికీ చేయి చాక్ సంచిలోకి ఎందుకు పోతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పైగా హానల్డ్‌తో కలిసి సాధన చేసే కాల్డ్‌వెల్ ఫ్రీ సోలోలోనూ కనిపిస్తాడు. ఎడమ చూపుడువేలు కొంత పోగొట్టుకుని కూడా ఆ గోడను సాధించిన మనిషి స్నేహితుడి గురించి మాట్లాడుతూ ఎందుకంత ఆందోళన పడుతున్నాడో డాన్ వాల్ చూసినవాళ్లకే పూర్తిగా అర్థమవుతుంది. రెండూ వీలైనంత పెద్ద తెర మీద చూడండి. ఫోన్ తెర మీద ఆ గోడ ముందు మనిషి ఎంత చిన్నవాడో తెలియదు.