ఫోర్క్‌లిఫ్ట్ సిమ్యులేటరు: ఎనిమిది నెలల వాడకం తర్వాత ఒక శిక్షకుడి సమీక్ష

గాజువాక ఆటోనగర్ దాపున ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో ఫోర్క్‌లిఫ్ట్ (గోదాముల్లో బరువులెత్తే బండి) ఆపరేటర్లను తయారుచేయడం నా పని. అంతకుముందు పదకొండేళ్లు గోదాముల్లో నేనే బండి నడిపాను. ఎనిమిది నెలల క్రితం మా యాజమాన్యం ఒక సిమ్యులేటరు, అంటే అసలు బండి లేకుండా తెర మీద నడపడం నేర్పే యంత్రం కొన్నది. ఇప్పటికి పదహారు బ్యాచులు, బ్యాచుకు పన్నెండేసి మంది చొప్పున, దాని మీద కూర్చుని లేచారు. అటువంటిది తామూ కొనవచ్చునా అని అచ్యుతాపురం, పరవాడ వైపు నుంచి తోటి శిక్షకులు కొందరు అడుగుతున్నందున, నేను చూసినదాన్ని వివరంగా రాస్తున్నాను. తయారుచేసిన సంస్థ పేరు చెప్పడం లేదు.

యంత్రం చూడటానికి సాదాగానే ఉంటుంది. ఇనుప చట్రం మీద అసలు బండిలో ఉండేలాంటి సీటు, ఎడమచేతితో తిప్పడానికి గుబ్బ ఉన్న స్టీరింగు, ఫోర్కులను (సరుకు కిందకు దూర్చే రెండు ఇనుప చేతులను) లేపడానికి, మాస్టును (ఫోర్కులు పైకీ కిందికీ జారే నిలువు చట్రాన్ని) వంచడానికి, ఫోర్కులను పక్కకు జరపడానికి కుడిచేతి వైపు మూడు లివర్లు, కాళ్ల దగ్గర మూడు పెడళ్లు, ఎదురుగా మూడు పెద్ద తెరలు. సీటు కదలదు. కదిలే పీఠం ఉన్న నమూనాకు ధర బాగా ఎక్కువ కావడంతో దాని జోలికి పోలేదు. ప్యాలెట్లు (సరుకు పేర్చే పలకలు) ఎత్తడం, ర్యాకుల్లో పేర్చడం, లారీకి ఎక్కించడం, ర్యాంపు మీద ఎక్కి దిగడం ఇందులోని పాఠాలు.

చేతికీ కంటికీ పొంతన కుదిర్చే పనిని ఇది నిజంగా బాగా చేస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ వెనుక చక్రాలతో మలుపు తిరుగుతుంది కనుక, ఎటు తిప్పినా దాని తోక అవతలి వైపుకు విసురుగా పోతుంది. ఆటో, వ్యాను నడిపి వచ్చినవాళ్లకు ఈ ఒక్క సంగతి ఒంటబట్టడానికి, ఏ బండీ ఎరగనివాళ్లకంటే ఎక్కువ సమయం పడుతుందన్నది నా అనుభవం. ఇదివరకు ఆ తోక మా షెడ్డు స్తంభాలకు తగిలేది, ఇప్పుడు తెర మీది స్తంభాలకు తగులుతున్నది. షెడ్డుకు ఈ ఏడాది రంగు వేయించే పని తప్పింది.

అయితే ఈ యంత్రం విలువ అసలు తెలిసేది ఏ శిక్షకుడూ యార్డులో చూపలేని పాఠం దగ్గర, అంటే బండి బోల్తా పడే పాఠం దగ్గర. ఫోర్క్‌లిఫ్ట్‌కు నాలుగు చక్రాలున్నా అది నిలబడేది ముక్కాలి పీటలాగా. ముందు చక్రాలు రెండూ రెండు కాళ్లు కాగా, వెనుక ఇరుసు నడిమధ్యన ఒక కీలు మీద ఊగుతూ ఉంటుంది కనుక ఆ కీలే మూడో కాలు. ఈ మూడింటినీ కలిపితే ఏర్పడే త్రికోణంలో గురుత్వ కేంద్రం ఉన్నంతసేపే బండి నిలుస్తుంది. లోడు లేనప్పుడు ఆ కేంద్రం వెనక్కు, త్రికోణం సన్నబడే చోటికి జరుగుతుంది. అందుకే వేగంగా మలుపు తిప్పితే, లోడుతో ఉన్న బండికంటే ఖాళీ బండి తేలికగా పక్కకు ఒరుగుతుంది. నల్లబల్ల మీద ఈ త్రికోణాన్ని ఎన్ని వందల సార్లు గీశానో లెక్కలేదు గానీ, "ఖాళీ బండికి భయమేముంది సార్?" అనే ప్రశ్న మాత్రం ఏ బ్యాచులోనూ ఆగలేదు. ఇప్పుడు రెండో రోజున ప్రతి ఒక్కరినీ సిమ్యులేటరులో ఖాళీ బండి మాస్టు పైకెత్తి, వేగం తగ్గించకుండా మలుపు తిప్పమంటాను. కన్ను మూసి తెరిచేలోగా తెర మీది నేల నిలువుగా లేస్తుంది. ఆ ప్రశ్న మళ్లీ వినిపించదు.

బండి ఒరుగుతున్నప్పుడు దూకకూడదు. బెల్టుతో సీట్లోనే ఉండి, స్టీరింగును గట్టిగా పట్టుకొని, కాళ్లు తన్నిపెట్టి, పడే వైపుకు ఎదురు దిశలో వాలాలి. కానీ కదులుతున్న బస్సు ఫుట్‌బోర్డు మీద నుంచి దిగడం అలవాటైన మన కుర్రాళ్లకు అపాయంలో ముందు తోచేది దూకడమే. దూకినవాడి మీదకే తల పైనుండే రక్షణ కప్పు వచ్చి పడుతుంది. మూడు టన్నులు ఎత్తే బండి తాను నాలుగు టన్నులకు పైగానే తూగుతుంది. తెర మీద బోల్తా పడ్డాక కొందరు నవ్వుతారు, ఒకరిద్దరు మళ్లీ చేస్తామంటారు. అందువల్ల వెంటనే బయటి బండి దగ్గరకు తీసుకువెళ్లి, ఆ కప్పును మోసే ఇనుప స్తంభాన్ని చేత్తో పట్టి చూడమంటాను. ఈ రెండింటి మధ్య టీ విరామం ఇచ్చిన బ్యాచుల్లో పాఠం సగమే నిలిచింది.

కెపాసిటీ ప్లేటు, అంటే బండి ఎంత బరువు ఎత్తగలదో రాసి ఉండే పలక, దాని పాఠానికీ ఇది బాగా పనికివచ్చింది. మూడు టన్నుల బండి అంటే ఎప్పుడైనా, ఎలాగైనా మూడు టన్నులు ఎత్తుతుందని కాదు. ఆ బరువు ఫోర్కుల మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉన్నప్పుడే ఆ మాట చెల్లుతుంది. పెట్టె పొడవై ఆ దూరం 600 మిల్లీమీటర్లకు పెరిగితే, సామర్థ్యం సుమారు 2,700 కిలోలకు పడిపోతుంది. సిమ్యులేటరులో బరువు మార్చకుండా పెట్టె పొడవు మాత్రమే మార్చి, వెనుక చక్రాలు నేల విడవడాన్ని చూపించవచ్చు. తెరలోని దృశ్యాన్ని గోడ మీద కూడా వేస్తాం కనుక, ఒకరి పొరపాటును మిగిలిన పదకొండు మందీ చూస్తారు. యార్డులో ఆ పొరపాటు నడిపేవాడికీ నాకూ మాత్రమే తెలిసేది.

ఇక లోపాలకు వస్తే, అన్నిటికంటే పెద్దది వెనక్కు నడపడంలో ఉన్నది. లోడు ఎత్తుగా ఉండి ముందు చూపుకు అడ్డమైనప్పుడు ఆపరేటరు బండిని వెనక్కే నడపాలి. లోడుతో ర్యాంపు దిగేటప్పుడూ అంతే. అప్పుడు మెడ, భుజం తిప్పి, వెళ్లే దిశను కళ్లారా చూడాలి. మా యంత్రంలో వెనుక తెర లేదు. వెనుక దృశ్యం మధ్య తెర మూలన చిన్న చతురస్రంలో కనిపిస్తుంది. దానితో కుర్రాళ్లు తల తిప్పకుండానే వెనక్కు నడపడం నేర్చుకుంటున్నారు. మొదటి మూడు బ్యాచుల్లో ఈ సంగతి నేను గమనించలేదు. యార్డులో ఒక కుర్రవాడు ఎదుటి మాస్టు వైపే చూస్తూ బండిని వెనక్కు వదిలినప్పుడు, సహాయకుడు కేక వేయడం వల్ల ప్రమాదం తప్పింది. ఆ రోజు నుంచి వెనక్కు నడిపే పాఠాలను సిమ్యులేటరులో పూర్తిగా మానేశాను. తలకు తొడిగే వీఆర్ పరికరంతో ఈ చిక్కు తీరుతుందని అమ్మకందారు దాన్ని తెచ్చి చూపించాడు. తల తిప్పితే వెనుక భాగం కనిపించిన మాట నిజమే కానీ, పది నిమిషాలకే నలుగురికి కళ్లు తిరిగి వాంతి వచ్చినంత పనైంది. దాన్ని తిప్పి పంపించాం.

రెండో లోపం ఒంటికి సంబంధించినది. బరువు హద్దు దాటుతున్నప్పుడు వెనుక చక్రాలు తేలికపడటం అనుభవజ్ఞుడైన ఆపరేటరుకు కంటికంటే ముందు నడుముకు తెలుస్తుంది. కదలని సీటు ఆ కబురు చెప్పదు. ఏసీ గదిలో నడిపినవాడు, మే నెల ఎండలో, డీజిలు పొగలో, ఇంజను మోతలో అదే పని చేయవలసి వచ్చినప్పుడు మళ్లీ మొదటికి వస్తున్నాడు. ఇది యంత్రం తప్పు కాకపోయినా, కొనేవాళ్లు యార్డు గంటలను తగ్గించుకోవచ్చునని ఆశపడతారు కనుక చెప్పవలసి వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు చేసే తనిఖీ పాఠం బొత్తిగా పనికిరాదు. తెర మీద టైరు, గొలుసు, ఫోర్కు బొమ్మలు వస్తాయి. ఒక్కొక్కదాన్ని నొక్కితే పచ్చరంగు టిక్కు పడుతుంది. నడుము వంచే పని లేదు. ఫోర్కు వంపు తిరిగే చోట మందం పదో వంతు అరిగితే దాని బలం ఐదో వంతు తగ్గుతుందనీ, అటువంటి ఫోర్కును తీసివేయాలనీ తెలుసుకోవలసినవాడు, కాలిపర్సు (మందం కొలిచే పరికరం) పట్టుకొని నేల మీద కూర్చుని కొలవాలి. పచ్చ టిక్కులకు అలవాటు పడ్డవాడు రేపు గోదాములో తనిఖీ పుస్తకాన్ని కూడా అలాగే, కుర్చీలో కూర్చుని నింపుతాడు. ఇప్పటికే అలా నింపేవాళ్లు మనకు తక్కువేమీ లేరు.

మార్కుల పద్ధతి గురించి ఒక మాట. పాఠం త్వరగా ముగిస్తే ఎక్కువ మార్కులు వచ్చేలా యంత్రాన్ని అమర్చి ఇచ్చారు. దానితో కుర్రాళ్ల మధ్య పోటీ మొదలై, హారను లేదు, మలుపు దగ్గర ఆగడం లేదు. సమయానికి ఇచ్చే మార్కులను తీసివేసే వీలు సెట్టింగుల్లోనే ఉన్నదని మూడో నెలలో గానీ మాకు తెలియలేదు; అమర్చడానికి వచ్చిన మనిషి ఆ విషయం చెప్పలేదు.

సూచనలు చెప్పే గొంతు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉన్నది గానీ తెలుగులో లేదు. మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పదో తరగతి చదివి వచ్చినవాళ్లు. చివరకు గొంతును ఆపివేసి, పక్కన నిలబడి నేనే చెబుతున్నాను. లివర్ల మీద తెలుగు చీటీలు అంటించాం.

సేవల విషయంలో అసంతృప్తి మిగిలింది. సాఫ్ట్‌వేరు లైసెన్సును ఏటా డబ్బు కట్టి పునరుద్ధరించుకోవాలి. గడువు తేదీని వాళ్ల వైపే తప్పుగా నమోదు చేసుకోవడంతో యంత్రం తొమ్మిది రోజులు తాళం పడి ఉండిపోయింది. అప్పుడు ఒక బ్యాచు నడుస్తున్నది. మాస్టును వంచే టిల్టు లివరు స్ప్రింగు విరిగితే, మరో నగరం నుంచి మనిషి రావడానికి రెండు వారాలు పట్టింది. చివరకు ఆటోనగర్‌లోనే ఒక మెకానిక్కు చేత అలాంటి స్ప్రింగు చుట్టించి వేయించాం, అది ఇప్పటికీ పనిచేస్తున్నది.

మాకు పడిన ధరకు ఒక వాడిన ఫోర్క్‌లిఫ్ట్ వచ్చేది. ఉన్నది ఒక్కటే బండి అయితే, ముందు రెండో బండి కొనమనే చెబుతాను. రెండు బండ్లుండి, డీజిలు ఖర్చు భారమై, ఏడాది పొడవునా బ్యాచులు నడిచే కేంద్రానికి మాత్రం ఇది తగిన వస్తువే. అయితే వెనుక తెర ఉన్న నమూనానే అడగాలి, లైసెన్సు గడువును ఒప్పందంలో రాయించుకోవాలి, ఒక బ్యాచును తీసుకువెళ్లి అమ్మకందారు దగ్గరే ఒక పూట నడిపించి చూడాలి. పది రోజుల శిక్షణలో మేము దీనికి ఇస్తున్నది రెండో, మూడో రోజుల ఉదయాలు మాత్రమే. ఈ ఏడాదికి లైసెన్సు మళ్లీ కట్టాం. తెలుగు గొంతు చేర్చమని రాసిన మూడో ఉత్తరానికి ఇంకా జవాబు రావలసి ఉన్నది.