పసుపు, బంగారం, ఒంటి రంగు: రంగులు సరిచేయడానికి ప్లగ్-ఇన్ మేలా, లైట్‌రూమ్ మాస్కులు మేలా?

పెళ్లి ఫొటోల రంగులు సరిచేసేవాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే బాధ చెబుతారు. మంగళస్నానం ఫొటోలో పసుపు మరీ గాఢంగా ఉందని ఎల్లో, ఆరెంజ్ స్లైడర్లు తగ్గిస్తే పెళ్లికూతురి ముఖం పాలిపోతుంది. ముఖానికి కళ రావాలని పెంచితే నగలు నారింజ రంగుకు తిరుగుతాయి. మన ఒంటి రంగు, పసుపు, బంగారం, పట్టుచీర జరీ అన్నీ రంగుల చక్రంలో పక్కపక్కనే ఉంటాయి. రంగుల్ని ఎనిమిది భాగాలు చేసి చూపించే లైట్‌రూమ్ (అడోబీ వాళ్ల ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) పాత స్లైడర్లకు వాటిని విడదీయడం చేతకాదు.

"అన్నా, నిక్ కొంటే రంగులు బాగొస్తాయా, లైట్‌రూమ్ చాలదా?" అని అమీర్‌పేటలో స్టూడియో నడిపే తమ్ముడొకడు అడిగాడు. అందుకే హైదరాబాద్‌లోనే తీసిన కొన్ని రా ఫైళ్లు (కెమెరా ఏమీ మార్చకుండా దాచే అసలు ఫైళ్లు) ముందేసుకుని, లైట్‌రూమ్, ఫొటోషాప్‌లకు తగిలించుకునే ప్లగ్-ఇన్‌ల కట్ట నిక్ కలెక్షన్‌లోని వివేజా, కలర్ ఎఫెక్స్‌లతో ఒకసారి, ఫొటోలో కావలసిన భాగాన్నే మార్చనిచ్చే లైట్‌రూమ్ సొంత మాస్కులతో ఒకసారి సరిచేసి చూశాను. ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌ను కూడా పక్కన పెట్టుకున్నాను.

నిక్ పేరు కొత్తవాళ్లకు తెలియకపోయినా, ఆ పనితనం చాలామంది ఫోన్లలో ఉంది. 2011లో ఫొటోలు సరిచేసే స్నాప్‌సీడ్ యాప్‌ను తెచ్చింది ఈ నిక్ సంస్థే. 2012లో గూగుల్ దాన్ని కొన్నది, 2016 మార్చిలో కంప్యూటర్ ప్లగ్-ఇన్‌లను ఉచితం చేసింది, 2017లో డీఎక్స్‌ఓ సంస్థకు అమ్మేసింది. అప్పటి ఉచిత కాపీలు ఇంకా కొందరి దగ్గర ఉన్నాయి కానీ, వాటికి అప్‌డేట్లు లేవు. కొత్త కంప్యూటర్లలో వాటిని నమ్ముకుని పని ఒప్పుకోవద్దు.

వివేజా బలమంతా కంట్రోల్ పాయింట్‌లో ఉంది. ఫొటోలో ఒకచోట క్లిక్ చేస్తే అక్కడి రంగు, వెలుగు, నునుపుదనం చూసుకుని, మనం గీసిన వలయంలో దానిలాంటి భాగాల్నే అది మారుస్తుంది. అంచులు గీయక్కర్లేదు, బ్రష్ పట్టక్కర్లేదు. స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ అనే టూల్ వాడినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

దీని విలువ నాకు చార్మినార్ ఫొటోలో బాగా తెలిసింది. సూర్యుడు దిగిపోయి, ఆకాశం ముదురు నీలంగా ఉండగానే కట్టడం మీద పసుపు పచ్చటి లైట్లు వెలుగుతాయి. అక్కడ ఒక్క వైట్ బ్యాలెన్స్‌తో (లైటు రంగును బట్టి ఫొటో మొత్తం రంగును సరిచేసే సెట్టింగు) పని జరగదు. రాయిని సరిచేస్తే ఆకాశం మరీ నీలమైపోతుంది, ఆకాశాన్ని సరిచేస్తే రాయి నారింజ రంగులో మునిగిపోతుంది. లైట్‌రూమ్‌లో సెలెక్ట్ స్కై నొక్కితే మాస్క్ చాలావరకు చక్కగానే వచ్చింది. కానీ మినార్ల మీది చిన్న బాల్కనీల కమానుల్లోంచి కనిపించే ఆకాశాన్ని వదిలేసింది, కరెంటు తీగల చుట్టూ పల్చటి అంచు మిగిల్చింది. పెద్ద ప్రింటులో ఆ అంచు కంటికి కొడుతుంది.

వివేజాలో రాయి మీద ఒక పాయింట్ పెట్టి వెచ్చదనం తగ్గించి, ఆకాశం మీద ఇంకో పాయింట్‌ను ఏమీ మార్చకుండా కాపలాగా ఉంచితే సరిపోయింది. మార్పు మెల్లగా కలిసిపోతుంది కాబట్టి అంచు అన్నదే కనబడలేదు. చిన్న వివరాలను తేటపరిచే స్ట్రక్చర్ స్లైడర్‌ను కొద్దిగా పెంచితే 1591 నాటి ఆ కట్టడం మీది సున్నపు గచ్చు పనితనం, అందులోని పూల నగిషీ తేటగా బయటికొచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల గోడలకూ ఇదే పద్ధతి బాగా పనిచేసింది. రాయి, సున్నం, నాచు మరకలు ఉన్న ఫొటోలకు నా ఓటు వివేజాకే.

కలర్ ఎఫెక్స్ సంగతి వేరు. అందులో ఎక్కువమంది ఇష్టపడే టోనల్ కాంట్రాస్ట్ ఫిల్టర్ వెలుగు భాగాలకు, మధ్య భాగాలకు, నీడలకు కాంట్రాస్ట్‌ను విడివిడిగా పెంచుతుంది. లాడ్ బజార్‌లో లక్క గాజుల మీది రాళ్లకు, అద్దాలకు అది ప్రాణం పోస్తుంది. అదే ఫిల్టర్‌ను గాజులు వేయించుకుంటున్న పెద్దావిడ ముఖం మీదికి పోనిస్తే ఆమె వయసు పదేళ్లు పెరుగుతుంది. మనుషులున్న ఫొటోలో ఈ ఫిల్టర్ వాడితే ముఖం మీద దాని ప్రభావాన్ని తీసివేసే కంట్రోల్ పాయింట్ పెట్టి తీరాలి. అది పెట్టే ఓపిక లేకపోతే ఫిల్టర్ జోలికే పోవద్దు.

ఇక ఫంక్షన్ హాల్‌కు వస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ లైట్‌రూమ్‌దే పైచేయి. 2021లో దాని మాస్కులు పూర్తిగా మారాయి. 2022లో మనుషులను గుర్తించి ముఖం చర్మం, ఒంటి చర్మం, జుట్టు, బట్టలు అని విడివిడిగా పట్టుకోవడం వచ్చింది. 2023లో పాయింట్ కలర్ వచ్చింది. ఇందులో ఒక రంగును డ్రాపర్‌తో తీసుకుని, ఎంత ఇరుకు పరిధిలో మార్చాలో మనమే చెప్పొచ్చు. పసుపు బాధకు నాకు దొరికిన మంచి విరుగుడు ఈ రెండింటి కలయికే. ముఖం చర్మం మాస్క్‌లోకి చెంపలకు రాసిన పసుపు కూడా వచ్చేస్తుంది. దాన్ని కలర్ రేంజ్‌తో (ఒక రంగును బట్టి వేసే మాస్క్) ఇంటర్‌సెక్ట్ చేస్తే, అంటే రెండింటిలోనూ ఉన్న భాగాన్నే ఉంచితే, పసుపు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు పాయింట్ కలర్‌తో పసుపును కొంచెం తగ్గించినా చర్మం చెక్కుచెదరదు. వివేజాతోనూ ఇది చేయొచ్చు కానీ, పసుపు ముద్ద ఉన్న ప్రతిచోటా పాయింట్ పెట్టాలి. తర్వాతి ఫొటోలో పెళ్లికూతురు తల తిప్పితే ఆ పాయింట్లన్నీ మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. లైట్‌రూమ్‌లో సెట్టింగులు కాపీ చేస్తే మనిషి ఎక్కడున్నా మాస్క్‌ను కొత్తగా వెతికి వేసుకుంటుంది. వందల ఫొటోలున్న పెళ్లిలో ఈ తేడా రాత్రి నిద్రను కాపాడుతుంది.

ఫైళ్ల బరువు కూడా చూసుకోవాలి. లైట్‌రూమ్ మాస్కులు రా ఫైల్‌ను తాకకుండా సూచనలుగానే నిలిచిపోతాయి. ప్లగ్-ఇన్‌కు పంపాలంటే ముందు టిఫ్ అనే బరువైన ఫొటో ఫైల్‌గా మార్చాలి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 16 బిట్ టిఫ్‌గా మారితే కుదించకుండా సుమారు 144 ఎంబీ. అలాంటివి 500 అయితే 72 జీబీ. పైగా రాలో దాగి ఉన్న వెలుగు మిగులు అక్కడితో ఆగిపోతుంది. కాలిపోయినట్టున్న తెల్లటి భాగాలను, వైట్ బ్యాలెన్స్‌ను టిఫ్ చేయకముందే సరిచేసుకోవాలి. ఆ తర్వాత వివేజా ఎంత మంచిదైనా పోయినదాన్ని తేలేదు. ఫొటోషాప్ ఉంటే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (అసలు ఫొటో చెడకుండా ఉండే లేయర్‌గా) తెరిచి దాని మీద ప్లగ్-ఇన్ నడపండి, రేపు మనసు మారితే పాయింట్లు మళ్లీ కదుపుకోవచ్చు.

స్టేజీ మీద ఊదా, గులాబీ ఎల్ఈడీ లైట్లు పడిన ముఖాలకు మాత్రం దేనితోనూ పూర్తి న్యాయం జరగలేదు. ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లలో ఎరుపు చానెల్ నిండిపోయాక అందులో చర్మం వివరాలే ఉండవు. అలాంటి చోట తీసేటప్పుడే కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఏ రంగు ఎంత నిండిందో చూపే గ్రాఫ్) చూసుకుని ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఎడిటింగ్‌లో బాగుచేస్తామని పెళ్లివారికి మాటివ్వడం తప్పు.

డార్క్‌టేబుల్ గురించి తక్కువ చెబుతున్నానంటే అది తక్కువదని కాదు. వెలుగు భాగాలను, నీడలను విడివిడిగా మార్చే దాని టోన్ ఈక్వలైజర్‌తో నీడల్లో వెలుగు పెంచినప్పుడు చార్మినార్ కింది కమానులు ఎక్కడా మసకబారలేదు. రంగును బట్టి, వెలుగును బట్టి మాస్కు వేసే వీలు అందులోని చాలా మాడ్యూళ్లలో (ఒక్కో పనికి ఒక్కో టూల్) ఉంది. కానీ నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, మనిషి ముఖాన్ని ఒక్క క్లిక్‌తో పట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. చదువుకునే పిల్లలు, సొంత ఆసక్తితో తీసేవాళ్లు మాత్రం దీంతోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. వెలుగు ఎలా పనిచేస్తుందో ఇది నేర్పినంతగా మిగతా రెండూ నేర్పవు.

స్టూడియో తమ్ముడికి చెప్పింది ఇది: పెళ్లిళ్లే నీ పనైతే నిక్ కొనకు, ఎలాగూ చందా కడుతున్న లైట్‌రూమ్‌లో పాయింట్ కలర్, ఇంటర్‌సెక్ట్ బాగా నేర్చుకో. పాతబస్తీ కట్టడాల ప్రింట్లు గోడలకు అమ్మే ఆలోచన ఉంటే నిక్‌కు ఒక్కసారి పెట్టే డబ్బు తిరిగొస్తుంది. కొనేముందు ఉచిత ట్రయల్ వేసుకుని కంపెనీ చూపించే నమూనాలను పక్కన పెట్టి, నీ హార్డ్‌డిస్క్‌లో సరిచేయలేక వదిలేసిన ఫొటోలనే అందులో తెరువు. వచ్చిన ఫలితాన్ని ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో ప్రింటింగ్ ల్యాబ్‌కు పంపి ఒక చిన్న ప్రింటు తీయించి, పగటి వెలుగులో చూసి అప్పుడు తేల్చుకో.