గడియారం తప్పును స్లోనెస్ ప్లాట్ పట్టిచ్చింది: ఆబ్స్‌పై చాలాకాలం వాడాక

భూకంప రికార్డులను విశ్లేషించే పైథాన్ లైబ్రరీ ఆబ్స్‌పైని నేను వదలకపోవడానికి అసలు కారణం దాని స్లోనెస్ ప్లాట్. స్లోనెస్ అంటే వేగానికి తలకిందులు, నేల మీద కిలోమీటరు దాటడానికి తరంగానికి పట్టే సమయం. ప్లాట్‌లో అది, తరంగం వచ్చిన దిక్కు కలిసి ఒక మచ్చగా కనిపిస్తాయి; నడిమధ్య అంటే సున్నా. ఇన్‌స్టాల్ చేయడం, ఫార్మాట్లు చదివించడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

మాది చాలా చిన్న అర్రే, అంటే నేల కదలికలు పట్టే సెన్సర్ల గుంపు. ఈ చివర నుంచి ఆ చివరకు 200 మీటర్లు. సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో వచ్చే తరంగం దాన్ని 50 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. ఆ కాస్త తేడాలోంచే తరంగం ఏ దిక్కు నుంచి, ఎంత వేగంతో వచ్చిందో విండో విండోకీ (రికార్డులో ఒక్కో చిన్న సమయ ముక్కకు) లెక్కగట్టి ఇస్తుందీ ప్రోగ్రామ్. ఇప్పటికీ చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది.

ఆమధ్య క్వారీ పేలుళ్ల దిశలన్నీ పక్కకు జరిగి రావడం మొదలైంది. క్వారీ ఎక్కడుందో తెలుసు కాబట్టి టెన్షన్ పట్టుకుంది. సాపేక్ష పవర్ (ట్రేసులు, అంటే ఒక్కో సెన్సర్ రికార్డులు, ఒకదానితో ఒకటి ఎంత బాగా కలిశాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) మాత్రం 0.9 పైనే ఉంది. ట్రేసులు ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే అచ్చు గుద్దినట్టున్నాయి. అప్పుడు దూరపు భూకంపాలు తీశాను. వేల కిలోమీటర్ల నుంచి వచ్చే పి తరంగం (భూకంపంలో అన్నిటికంటే ముందు చేరేది) దాదాపు నిలువుగా పైకొస్తుంది. దాని స్లోనెస్ సుమారుగా కిలోమీటరుకు 0.04 నుంచి 0.08 సెకన్లే, కాబట్టి ప్లాట్‌లో మచ్చ నడిమధ్యకు దగ్గరగా పడాలి. ఎంత ఉండాలో ఆబ్స్‌పైలోని టావ్‌పీ మాడ్యూలే చెబుతుంది. మాకేమో మచ్చ బాగా ఎడంగా పడింది. భూకంపం ఏ దిక్కుదైనా సరే, అటువైపే, దాదాపు అంతే దూరం! నేల కింది పొరల వాలు వల్లయితే ఈ జరుగుడు మొదటి నుంచీ ఉండాలి. ఆమధ్యే మొదలైందంటే లోపం ఏదో ఒక సెన్సర్ టైమింగ్‌లో ఉన్నట్టే. లాగ్ తెరిస్తే ఒక రికార్డర్ జీపీఎస్ సిగ్నల్ పోయి, మళ్లీ అందుకున్నాక దాని గడియారం 20 మిల్లీసెకన్ల చిల్లర తేడాతో ఉండిపోయింది. ఆ ట్రేస్ మొదలయ్యే సమయాన్ని అంతమేర సవరించి మళ్లీ నడిపాను. మచ్చలన్నీ వాటి చోటికి వచ్చేశాయి. ఆ రోజు పట్టలేనంత సంతోషం.

అయితే సాపేక్ష పవర్ ఎక్కువుంటే ఫలితం నమ్మొచ్చని నేను అందరికీ చెబుతుండేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. సెన్సర్లు మూడే ఉంటే, అవి ఎంత తేడాతో రికార్డు చేసినా దానికి సరిపోయే సమతల తరంగం (ముందంచు తిన్నగా ఉండే తరంగం) ఒకటి దొరికి తీరుతుంది. నాలుగో సెన్సర్ వచ్చాకే ఆ అంకెకు కొంత విలువ.

ప్రోగ్రామ్ నడిచే వేగం సంగతి కూడా ఉంది. మ్యూనిక్‌లో ఆగ్ఫా భవనం కూల్చివేత డేటాతో ఉన్న ట్యుటోరియల్‌లో వెతికే స్లోనెస్ గ్రిడ్ రెండు దిశల్లోనూ -3 నుంచి 3 దాకా, అడుగు 0.03. అంటే ఒక్కో విండోకు 40 వేల పైచిలుకు బిందువులు. అడుగు సగానికి తగ్గిస్తే పని నాలుగింతలవుతుంది. రోజుల తరబడి డేటా ఉన్నవాళ్లకు ఇది విసుగే.

నాకు పైథాన్ అలవాటు, చూసేవి ఎక్కువగా దగ్గరి పేలుళ్లు, చిన్న భూకంపాలు. అందుకే ఇది నాకు సరిపోయింది. పరిసర ప్రకంపనల నుంచి నేల పొరల వేగాలు తీయడమే మీ పనైతే జియోప్సీ అనే ప్రోగ్రామ్ సుఖంగా ఉంటుంది, ఆ పనికి నేనూ దాన్నే తెరుస్తాను.