ఏడేళ్లుగా మా పెరట్లో తెల్ల స్పైడర్ లిల్లీ

కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఇంటి పెరట్లో 2017 జూన్‌లో 12 స్పైడర్ లిల్లీ దుంపలు నాటాను. ఏడు వానాకాలాలు చూసిన తర్వాత ఈ మొక్క నాకు నచ్చిందని నిస్సంకోచంగా చెప్పగలను. అయితే మొదటి రెండేళ్లు నేను చేసిన పొరపాటు వల్ల సగం దుంపలకు ఒక్క పువ్వు కూడా రాలేదు.

ముందుగా పేరు గురించి చెప్పాలి. మన పూల బజారులో లిల్లీ అంటే దండల్లో గుచ్చే నేలసంపెంగే కాబట్టి, నర్సరీలో ఉత్త లిల్లీ అని అడిగితే ఏ దుంప చేతికి వస్తుందో చెప్పలేము. నేను పెంచుతున్నది హైమెనోకాలిస్ లిట్టొరాలిస్ అనే తెల్ల రకం. ఇది అమెరికా ఖండపు ఉష్ణ తీరప్రాంతాల నుంచి వచ్చిన మొక్క కావడం వల్ల ఉప్పుగాలిని, ఇసుక నేలను, వానకు రెండు మూడు రోజులు నిలిచిన నీటిని కూడా తట్టుకుంటుంది. మా వీధిలో గులాబీలు నిలవని చోట ఇది నిలిచింది.

నా పొరపాటు నీడ విషయంలో జరిగింది. ఆరు దుంపలను గేటు పక్కన ఎండలోనూ, మిగిలిన ఆరింటిని మామిడిచెట్టు కిందా నాటాను. మామిడి కింద ఆకులు రెండున్నర అడుగుల పొడవున, ముదురాకుపచ్చగా, చూసినవారు మెచ్చుకునేంత ఏపుగా పెరిగాయి గానీ పూకాడ మాత్రం రాలేదు. గేటు దగ్గరివి ఆకుల కొసలు కాస్త మాడినా రెండో వానాకాలానికే పూశాయి. ఎరువు చాలలేదేమోనని నేను నీడలోని మొక్కలకు పశువుల గత్తం మరింత వేశాను. దానివల్ల ఆకులు ఇంకా పెరిగాయి తప్ప ప్రయోజనం కనిపించలేదు. మూడో జూన్‌లో వాటిని తవ్వి, రోజుకు ఐదారు గంటల ఎండ తగిలే చోటికి మార్చాను. మరుసటి ఏడాది ఆ ఆరూ పూశాయి. అందుచేత దుంపలు కొనేముందు పెరట్లో ఎండ ఎక్కడ ఎంతసేపు ఉంటుందో ఒక రోజంతా గమనించమని గట్టిగా చెబుతాను. నాటేటప్పుడు దుంప మెడ మట్టిపైకి కనిపించేలా ఉంచితే చాలు.

పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. దీపాలు పెట్టే వేళకు దగ్గర కూర్చుంటే, మొగ్గ కొసన అతుక్కుని ఉన్న ఆరు సన్నని రేకులు ఒక్కొక్కటిగా విడివడి వెనక్కి వంగడం కంటికి కనిపిస్తుంది. వాటి మధ్య తడిసిన పలుచని కాగితంలాంటి తెల్లని గిన్నె, దాని అంచునుంచి లేచిన ఆరు కేసరాలు, కొసల్లో అడ్డంగా ఊగే పసుపు పుప్పొడి. మల్లె ఘాటు దీనికి లేదు. చల్లగా, కొద్దిగా తియ్యగా ఉండే ఆ వాసన రాత్రి గడిచేకొద్దీ చిక్కబడుతుంది. మరునాటి మధ్యాహ్నానికి పువ్వు వాడిపోతుంది. కానీ ఒక్కో కాడకు ఎనిమిది పది మొగ్గలుండి రోజుకు ఒకటి రెండు చొప్పున విచ్చుకుంటాయి కనుక ఒక కాడ దాదాపు వారం రోజులు పూస్తుంది. బాగా ఎదిగిన మొగ్గలను మధ్యాహ్నం కోసి నీళ్లలో ఉంచితే సాయంత్రానికి దేవుడి గదిలోనే విచ్చుకుంటాయి.

చీడల్లో నన్ను నిజంగా బాధపెట్టింది నల్లని ఒంటిపై తెల్ల మచ్చలున్న గొంగళిపురుగు. పగలు ఆకుల మొదళ్లలో దాగి, రాత్రి గుంపుగా తింటుంది. ఒక ఆగస్టులో మూడు రాత్రుల్లో ఒక దుబ్బును మొదలంటా తినేసింది. టార్చి పట్టుకుని చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయడం, వారానికొకసారి వేపనూనె పిచికారీ చేయడం నాకు పనిచేశాయి. దుంప బతికి ఉంటే ఆకు మళ్లీ వస్తుంది.

ఈ దుంపలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, తింటే వాంతులవుతాయి. ఒకసారి తవ్విన దుంపలను వసారాలో ఆరబెడితే, మా అత్తయ్య ఉల్లిపాయలనుకుని నాలుగు వంటింట్లోకి తీసుకెళ్లారు. తొక్క తీసినా ఉల్లి వాసన రాకపోవడంతో అనుమానించి నన్ను పిలిచారు. ఆనాటి నుంచి దుంపలను పేరు రాసిన సంచిలో వేసి, కొట్టుగదిలో ఎత్తున కడుతున్నాను. పసిపిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇళ్లవారు దీన్ని కంచె అవతల నాటుకోవడం మంచిది.

కుండీలో కూడా పెంచాను గానీ అది నాకు తృప్తినివ్వలేదు. 12 అంగుళాల మట్టికుండీని మూడో ఏటికే దుంపలు పగలగొట్టాయి. ఎర్ర స్పైడర్ లిల్లీ పేరిట ఆన్‌లైన్‌లో తెప్పించిన దుంపలు మామూలు అమరిల్లిస్‌గా తేలాయి. అమ్మినవారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. దుంపను చేత్తో నొక్కి, బరువు చూసి కొనడమే మేలని నా అభిప్రాయం. గుప్పిట నిండే దుంప మరుసటి ఏడాదే పూస్తుంది; చిన్న ఉల్లిపాయంత దుంపకు నా దగ్గర రెండు మూడేళ్లు పట్టింది.

ఈ జూన్‌లో గేటు పక్క దుబ్బును విడదీస్తే 31 దుంపలు వచ్చాయి. పెద్దవి ఇరుగుపొరుగు వారికి పంచి, చిన్నవాటిని పాత మామిడిచెట్టుకు దూరంగా, తూర్పు గోడ వెంబడి అడుగు ఎడంతో వరుసగా నాటాను.