ల్యాబ్ షిఫ్టింగ్ సర్వీసు: డబ్బు ఎక్కువే, కానీ పని తెలిసినవాళ్లు

విశాఖలో మా యూనివర్సిటీ కెమిస్ట్రీ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్‌ను గ్రౌండ్ ఫ్లోర్ నుంచి రెండో అంతస్తుకు మార్చాల్సి వచ్చింది. ల్యాబ్ ఇన్‌చార్జిగా ఆ బాధ్యత నాది. ఇళ్లు ఖాళీ చేయించే ప్యాకర్లు సగం ధరకే చేస్తామన్నారు. వాళ్లను కాదని ఈ సర్వీసుకే ఇచ్చాం. మళ్లీ అవసరం పడితే వీళ్లనే పిలుస్తాను.

వచ్చీరాగానే అట్టపెట్టెలు విప్పలేదు. టీమ్ పెద్దాయన తిన్నగా పై గదికి వెళ్లి ఏసీ గాలి ఎటు కొడుతోంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, మధ్యాహ్నం ఎండ ఏ బల్ల మీద పడుతుంది అని ఒక్కొక్కటే చూశాడు. మాకు అందిన ప్లాన్‌లో అనలిటికల్ బ్యాలెన్స్ (అతి చిన్న తేడాను కూడా చూపే త్రాసు) సరిగ్గా ఏసీకి ఎదురుగా ఉంది. "అక్కడ వద్దు మేడమ్, గాలికి చివరి అంకె నిలవదు" అని మూలకు మార్పించాడు. గ్రానైట్ బల్ల వేయించి, కాళ్ల దగ్గర మరలు తిప్పుతూ లెవల్ బుడగ వలయం మధ్యకు వచ్చేదాకా వదల్లేదు. ఆ రాత్రంతా బ్యాలెన్స్ ఆన్‌లోనే ఉంచారు.

మర్నాడు చేసింది నాకు బాగా నచ్చింది. కింద ఉన్నప్పుడే 200 గ్రాముల ప్రామాణిక తూనికరాయి పెట్టి రీడింగ్ రాసుకున్నారు. పైన క్యాలిబ్రేషన్ (ప్రామాణిక బరువుతో రీడింగ్ సరిచేయడం) చేయకముందే అదే రాయి మళ్లీ పెట్టారు. రీడింగ్ తగ్గింది! ఎత్తుకు వెళ్లేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది కదా. నాలుగు మీటర్లు పైకి వెళ్తే చాలు, 200 గ్రాముల దగ్గర పావు మిల్లీగ్రాము తేడా పడుతుంది. 0.1 మిల్లీగ్రాము దాకా చూపే బ్యాలెన్స్‌కు అది దొరికిపోతుంది. కదిలించడం వల్ల వచ్చిన తేడా కూడా అందులో కొంత ఉండొచ్చు. ఏదేమైనా పాఠంలో చెప్పుకునే విషయం కళ్ల ముందు కనబడేసరికి మా పీహెచ్‌డీ పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఆ తర్వాతే క్యాలిబ్రేషన్ చేసి అప్పజెప్పారు.

సముద్రం పక్క ఊరు కాబట్టి ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పదార్థాన్ని గుర్తించే పరికరం) గురించి నాకు టెన్షన్‌గా ఉండేది. అందులోని పొటాషియం బ్రోమైడ్ భాగాలకు తేమ తగిలితే మసకబారిపోతాయి. సీలు తీయకుండా మోశారు, చేరగానే తేమ పీల్చే డెసికెంట్ మార్చారు. పదార్థం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ స్పెక్ట్రోమీటర్‌లో, తరంగదైర్ఘ్యం సరిచూసే హోల్మియం ఫిల్టర్ పెట్టి 361, 536 నానోమీటర్ల దగ్గర పీకులు సరిగా వస్తున్నాయో లేదో నా ముందే చూపించారు. గ్యాస్ సిలిండర్లకు రెగ్యులేటర్లు విప్పి, క్యాపులు బిగించి, ట్రాలీకి గొలుసు కట్టి తీసుకెళ్లారు. లిఫ్ట్‌లో సిలిండర్‌తో పాటు మనిషిని ఎక్కనివ్వలేదు. ఈ జాగ్రత్త చాలా చోట్ల చూడం.

అసంతృప్తి ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిర్లను బయటికి లాగేసే గూడు) దగ్గర. హుడ్‌ను పైకి చేర్చి నిలబెట్టారు కానీ గాలిని బయటికి పంపే డక్ట్ బిగించడం కొటేషన్‌లో లేదన్నారు. దానికి వేరే మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది. బిగించాక కూడా గాలి వేగం వాళ్లంతట వాళ్లు కొలవలేదు, నేను గట్టిగా అడిగితే మీటర్ తెచ్చారు. సెకనుకు 0.5 మీటర్ల దగ్గర వచ్చింది, అది సరిపోతుంది. అయినా యాసిడ్ ఆవిర్ల మధ్య పిల్లలు నిలబడే చోటు అది, అడిగించుకోకుండా చేయాల్సిన పని. రిపోర్టు కూడా ఆలస్యంగా పంపారు, అందులో తూనికరాళ్ల సర్టిఫికెట్ జతచేయలేదు. ఫోన్ మీద ఫోన్ చేస్తే గానీ రాలేదు.

వీళ్లకు పని ఇచ్చేవాళ్లు డక్ట్, గాలి వేగం పరీక్ష, సర్టిఫికెట్లు మూడూ కొటేషన్‌లోనే రాయించుకోండి. హెచ్‌పీఎల్‌సీ (ద్రవ మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) ఉంటే అందులోని బఫర్‌ను, అంటే లవణాలున్న ద్రావణాన్ని, నీళ్లతో కడిగి, ఆపైన మిథనాల్ నింపి సిద్ధంగా ఉంచండి, ఆ పని వీళ్లు చేయరు.