పోర్టు దగ్గర హోటల్‌కి స్టార్లు చూసి డబ్బులు కట్టొచ్చా? తొమ్మిదేళ్ళు వాడి చెప్తున్నా

మాది టెక్సాస్‌లో డల్లాస్ పక్కన. ఇక్కడ ఐ-45 హైవే ఎక్కితే అది తిన్నగా పోయి పోయి గాల్వెస్టన్ ద్వీపంలో ఆగుతుంది, దాదాపు 290 మైళ్ళు, హ్యూస్టన్ ట్రాఫిక్‌తో కలిపి ఐదు గంటలు, పిల్లలుంటే ఆరు. అందుకే ఇండియా నుంచి ఎవరొచ్చినా మా ఇంట్లో క్రూజ్ అంటే గాల్వెస్టన్‌దే. తెల్లారుజామున బయల్దేరి అదే రోజు షిప్పెక్కేద్దాం అనే ధైర్యం మా ఆయనకి ఉంది, నాకు లేదు, ఒక్క టైరు పంచరైతే మన కోసం షిప్పు ఆగదు కదా. కాబట్టి ముందు రోజు రాత్రి పోర్టు దగ్గరే పడుకోవడం మా ఇంట్లో రూలు. 2016 నుంచి అలా గాల్వెస్టన్‌లో ఆరు సార్లు, ఫ్లోరిడాలో రెండు సార్లు, ఇటలీలో ఒకసారి ముందురాత్రి హోటల్ తీసుకున్నాం. నేను రాసేది ఆ హోటళ్ళ మీద రివ్యూ కాదు. యాప్‌లో హోటల్ పేరు పక్కన పసుప్పచ్చగా మెరుస్తూ ఉంటాయే నక్షత్రాలు, వాటి మీద రివ్యూ. వాటికి నేనిచ్చేది ఐదుకి రెండు.

మొదటిసారి అత్తయ్య గారు, మావయ్య గారు తెనాలి నుంచి వచ్చారు. పెద్దవాళ్ళు కదా అని ఫిల్టర్‌లో 4 స్టార్ పెట్టి, పోర్టుకి దగ్గర అని చూసి, ఇంకేం చూడకుండా బుక్ చేసేశా. హోటల్ బాగానే ఉంది, కాదనను, పైన ఎత్తుగా సీలింగు, లాబీలో పూలు, మంచం మీద ఎనిమిది దిళ్ళు. కారు దగ్గర మొదలైంది కథ. సొంతంగా పెట్టుకోడానికి లేదు, వాలేకే (కారు తీసుకెళ్ళి పార్క్ చేసి తెచ్చే హోటల్ మనిషికి) ఇవ్వాలి, ఒక్క రాత్రికి నలభై డాలర్ల పైనే. పొద్దున టిఫిన్ రేటులో లేదు, కింద రెస్టారెంట్‌లో ఆమ్లెట్ ఒక్కోటీ ఇరవై డాలర్ల దాకా. అదీ సర్దుకున్నాం. తెల్లారి ఐదున్నరకి అత్తయ్య గారు లేచి, గది మొత్తం వెతికి, నన్ను లేపి "అమ్మాయ్, నీళ్ళు కాచుకునే కెటిల్ ఏదమ్మా, కాఫీ పొడి తెచ్చాను" అన్నారు. కెటిల్ లేదు. డెస్క్‌కి ఫోన్ చేస్తే రూమ్ సర్వీస్‌లో వేడి నీళ్ళు పంపిస్తాం అన్నారు, పంపించారు కూడా, వెండి రంగు జగ్గులో, దానికీ బిల్లు వేశారు! మావయ్య గారు ఆ బిల్లు మడిచి జేబులో పెట్టుకుని తెనాలి దాకా తీసుకెళ్ళారు, ఇప్పటికీ ఎవరొచ్చినా చూపిస్తారు.

తర్వాతి ఏడు కచ్చితంగా పగ తీర్చుకోడానికే అన్నట్టు రెండున్నర స్టార్లది తీసుకున్నా. ఊళ్ళోకి వచ్చే బ్రాడ్‌వే రోడ్డు మీద, రెండంతస్తులు, కార్పెట్ పాతది, ఏసీ ఆన్ చేస్తే లారీ స్టార్టయినట్టు. కానీ పొద్దున ఆరింటికే ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్, పిండి పోసి తిప్పే వాఫిల్ మెషిన్, ఉడకబెట్టిన గుడ్లు, చిన్న చిన్న పెరుగు కప్పులు, మరిగే నీళ్ళు కావల్సినన్ని. అత్తయ్య గారు బ్రెడ్డు మీద గోంగూర పచ్చడి రాసుకుని తింటుంటే పక్క టేబుల్ ఆయన అదేంటని అడిగి కొంచెం పెట్టించుకున్నాడు, తర్వాత రెండు గ్లాసుల జ్యూస్ తాగాడనుకోండి. కారు షిప్పు తిరిగొచ్చే దాకా హోటల్ వెనకే పెట్టుకోవచ్చు, పోర్టుకి దింపి తీసుకొస్తారు, అన్నీ కలిపి ప్యాకేజీ. గాల్వెస్టన్‌లో ఇలాంటి ప్యాకేజీలు చాలా హోటళ్ళు ఇస్తాయి. పోర్టు దగ్గర పార్కింగ్ లాట్లకి రోజు లెక్కన కట్టేదాంతో పోల్చి చూసుకుంటే మా ఐదు రోజులకి గది దాదాపు ఊరికే వచ్చినట్టయింది.

అప్పుడు కూర్చుని అసలు ఈ స్టార్లు ఎవరిస్తారు అని చదివా. అమెరికాలో గవర్నమెంటు హోటళ్ళకి స్టార్లు ఇవ్వదు. ట్రిపుల్ ఏ (కార్లున్న వాళ్ళ సంఘం) వాళ్ళు డైమండ్లు ఇస్తారు, ఫోర్బ్స్ ట్రావెల్ గైడ్ వాళ్ళు స్టార్లు ఇస్తారు (1958లో మొబిల్ ఆయిల్ కంపెనీ పేరుతో మొదలైన గైడే ఇది), వాళ్ళు మనుషుల్ని పంపి తనిఖీ చేయిస్తారు. మనం బుకింగ్ యాప్‌లో చూసేవి మాత్రం చాలా వరకు ఆ సైటు సొంత లెక్క, లేదా హోటలే చెప్పుకున్నది. అందుకే ఒకే హోటల్ ఒక యాప్‌లో మూడు, ఇంకోదాంట్లో మూడున్నర. ఇక ఆ లెక్క కూడా ఎక్కువగా హోటల్లో ఏమేం ఉన్నాయి అనేదాని మీదే, అంటే రెస్టారెంటు, రూమ్ సర్వీసు, స్విమ్మింగ్ పూలు, బ్యాగులు మోసే మనిషి. రాత్రి తొమ్మిదికి దిగి పొద్దున పదింటికి వెళ్ళిపోయేవాడికి స్పా ఎందుకు చెప్పండి? మనకి కావల్సిన షటిలు (పోర్టుకి దింపే హోటల్ వ్యాను), పార్కింగు, పొద్దున్నే టిఫిను చాలా వరకు రెండు, రెండున్నర స్టార్ల వాళ్ళ దగ్గరే ఫ్రీగానో ప్యాకేజీలోనో ఉంటాయి, స్టార్లు పెరిగే కొద్దీ ఎక్కువగా అవే డబ్బులకి అమ్ముతారు. ఇది తెలియడానికి నాకు మూడు ట్రిప్పులు పట్టింది.

అలా అని రెండున్నర స్టార్లు స్వర్గం అని కాదు. షటిల్ సంగతి చెప్తా. "షటిల్ ఉంది" అని రాస్తారు, నిజమే, ఉంటుంది. మేం వెళ్ళిన ఒక హోటల్లో డెస్క్ మీద ఒక క్లిప్‌బోర్డు, దానికి దారంతో కట్టిన పెన్ను, కాగితం మీద అరగంటకో గీత, గీతకి పన్నెండు మంది. మేం రాత్రి తొమ్మిదిన్నరకి దిగి గదిలోకి పోయి పడుకున్నాం, పొద్దున వచ్చి చూస్తే పదిన్నర, పదకొండు, పదకొండున్నర అన్నీ నిండిపోయాయి, మిగిలింది ఒంటిగంట. సామాన్లతో ఆరుగురం, ఊబర్ రెండు కార్లు. ఇప్పుడు చెక్-ఇన్ చేసేటప్పుడు తాళం కన్నా ముందు ఆ కాగితమే అడుగుతా, మా ఆయన నవ్వుతారు, నవ్వనీ.

మయామీలో ఇంకో రకం. ఎయిర్‌పోర్టు దగ్గర మూడు స్టార్ల హోటల్, "ఉచిత షటిల్" అని పెద్దక్షరాలు. ఆ షటిల్ ఎయిర్‌పోర్టుకి, పోర్టుకి కాదు! మయామీ పోర్టు ఉన్నది డౌన్‌టౌన్ ఎదురుగా డాడ్జ్ ఐలాండ్ మీద, వంతెన దాటి వెళ్ళాలి, ఎయిర్‌పోర్టు నుంచి ఓ ఎనిమిది మైళ్ళు. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో అయితే ఎయిర్‌పోర్టూ పోర్ట్ ఎవర్‌గ్లేడ్సూ పక్క పక్కనే కాబట్టి పెద్ద తేడా రాదు.

దూరం విషయంలో గాల్వెస్టన్ కూడా మోసం చేస్తుంది, ఊరి తప్పేం లేదు, ఊరు అలా ఉంది. సముద్రం వైపు సీవాల్, 1900 తుఫాను తర్వాత కట్టిన గోడ, ఇప్పుడు పది మైళ్ళ పొడవు. షిప్పులు ఆగేది అటు కాదు, రెండో వైపు హార్బర్‌లో. సీవాల్ మీద హోటల్ అంటే ఊరి మధ్యలోదైతే పోర్టుకి రెండు మైళ్ళ లోపు, పడమటి కొసలోదైతే ఆరేడు మైళ్ళు, రెండిటికీ ఫోటోలో అదే సముద్రం. పైగా పోర్టు అంటే ఒకటి కాదు, టెర్మినల్ 25, 28 పక్క పక్కన, 2022లో తెరిచిన టెర్మినల్ 10 తూర్పున మైలు దూరంలో. యాప్ "పోర్టుకి 0.4 మైళ్ళు" అంటే ఏ టెర్మినల్‌కి? టికెట్ మీద ఉన్న టెర్మినల్ అడ్రస్ మ్యాప్‌లో కొట్టి చూసుకోండి. పోనీ నడిచిపోదాం అనుకుంటే పోర్టు పక్కనున్న పాత బజారు, స్ట్రాండ్ వీధుల్లో ఫుట్‌పాత్‌లు కొన్ని చోట్ల మోకాలి ఎత్తు, వరదల ఊరు మరి, పెద్ద సూట్‌కేసులు నాలుగు దించి ఎక్కించేసరికి మా ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

ఇంకోటి, ఉప్పుగాలి. బీచ్ ఎదురుగా ఉన్న బిల్డింగులకి స్టార్లెన్నున్నా తలుపు గొళ్ళేలు, ఏసీ జాలీలు తుప్పు పట్టకుండా ఉండవు. కాబట్టి ఫోటోలు ఎప్పటివో చూడాలి. స్టార్ ఒకసారి పడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, గది అలా ఉండదు కదా. 2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చి వెళ్ళాక మేం బుక్ చేసేటప్పుడు అంతకు ముందు రాసిన రివ్యూలు అసలు చదవలేదు, కొత్తవి మాత్రమే చూశా. ఒకావిడ పైకప్పు కురిసిన మరక ఫోటో పెట్టింది, అదే రోజు ఆ హోటల్ లిస్టులోంచి తీసేశా, నాలుగు స్టార్లది మరి.

జనవరి ట్రిప్పు గురించి చెప్పకపోతే ఈ రివ్యూ అన్యాయం అవుతుంది. చలికాలం గాల్వెస్టన్‌లో పొగమంచు పట్టిందంటే షిప్పులు హార్బర్‌లోకి వచ్చే నీటి దారి మూసేస్తారు, షిప్పు బయటే సముద్రంలో నిలబడిపోతుంది. మా షిప్పూ అలాగే, పొద్దున ఏడింటికి మెసేజ్, మధ్యాహ్నం నాలుగు దాటాకే రండి అని. హోటల్ చెకౌట్ పదకొండుకి. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఎనిమిది బ్యాగులు. అదీ రెండున్నర స్టార్లదే. డెస్క్ దగ్గర ఉన్న పెద్దావిడ మమ్మల్ని చూసి టిఫిన్ హాల్ మూయకుండా లైట్లు ఉంచేసింది, కాఫీ ఫ్లాస్కు మళ్ళీ నింపింది, పిల్లలకి కార్టూన్ ఛానల్ పెట్టింది. అత్తయ్య గారు ఆవిడకి ఓ జంతికల ప్యాకెట్ ఇచ్చి చెయ్యి పట్టుకుని తెలుగులోనే ఏదో చాలాసేపు చెప్పారు, ఆవిడ ఇంగ్లీషులో జవాబిచ్చింది, ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది. ఇది ఏ స్టార్ లెక్కలో వస్తుంది?

ఇటలీలో మాత్రం స్టార్లకి కొంచెం గౌరవం ఇవ్వాలి. అక్కడ స్టార్లు ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఇస్తారు, ప్రాంతాన్ని బట్టి రూల్స్ మారతాయి. రోమ్‌లో అయితే సిటీ ట్యాక్స్ కూడా స్టార్లని బట్టే, 2023 అక్టోబర్ నుంచి 3 స్టార్‌కి రాత్రికి తలకి 6 యూరోలు, 4 స్టార్‌కి 7.50, గది అద్దె కాకుండా విడిగా. అంటే ఒక స్టార్ ఎక్కువైతే బిల్లులో కనిపిస్తుంది. కానీ రూలు రూలే, మెట్లు మెట్లే. తెర్మిని స్టేషన్ దగ్గర 3 స్టార్ హోటల్, "లిఫ్ట్ ఉంది" అని రాసి ఉంది, ఉంది, తొమ్మిది మెట్లెక్కాక! అదీ ఒక మనిషి, ఒక పెట్టె పట్టేంత. మావయ్య గారి మోకాలి నొప్పికి ఆ తొమ్మిది మెట్లు కొలీజియం కన్నా ఎక్కువ గుర్తుండిపోయాయి. "ఒక్కో స్టార్‌కి మూడు మెట్లు కాబోలు" అన్నారు. అన్నట్టు రోమ్ క్రూజ్ అంటారు గానీ షిప్పు ఎక్కేది చివితావెక్కియాలో, డెబ్భై ఎనభై కిలోమీటర్లు, రైల్లో గంట చిల్లర, దిగాక బస్సులు. మేం ఊరు చూడాలని రోమ్‌లోనే ఉన్నాం, పొద్దున సామాన్లతో ఆ రైలు ఎక్కినప్పుడు అనిపించింది, పెద్దవాళ్ళతో అయితే ఆఖరి రాత్రి చివితావెక్కియాలోనే దిగాల్సింది అని.

మా మరిది విశాఖ నుంచి అడుగుతుంటాడు, "వదినా, చెన్నైలో షిప్పు ఎక్కే ముందు ఎన్ని స్టార్లది తీసుకోను" అని. మన దగ్గర టూరిజం మంత్రిత్వ శాఖ కమిటీ చూసి స్టార్ ఇస్తుంది, ఐదేళ్ళకి, అది కూడా హోటల్ వాళ్ళు అడిగితేనే. అడగని హోటల్‌కి యాప్‌లో మూడు స్టార్లు కనిపిస్తే అవి వేరే నక్షత్రాలన్నమాట. వాడికి ఒకటే చెప్పా, స్టార్లు కాదు, హోటల్‌కి ఫోన్ చెయ్యి, పొద్దున ఎన్నింటికి టిఫిన్, పోర్టు గేటు దాకా క్యాబ్ పంపిస్తారా, చెకౌట్ అయ్యాక సామాన్లు పెట్టుకోనిస్తారా అని అడుగు.

నేనూ ఇప్పుడు చేసేది అంతే. అమెరికాలో స్టార్ ఫిల్టర్ ముట్టుకోను. జనం ఇచ్చిన మార్కులు వేరే, స్టార్లు వేరే, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కాబట్టి కలిపేసుకుంటాం, 4.1 అంటే నాలుగు స్టార్ల హోటల్ కాదు. ఆ మార్కుల్లో కూడా ఐదులూ ఒకట్లూ వదిలేసి మూడు ఇచ్చినవాళ్ళు రాసింది చదువుతా, వాళ్ళకి కోపం లేదు, ప్రేమా లేదు, షటిల్ ఎంత లేటు వచ్చిందో నిమిషాలతో సహా రాస్తారు. రివ్యూల్లో "క్రూజ్" అని కొట్టి వెతికితే మనలాంటి ఒక్కరాత్రి వాళ్ళే వస్తారు. 2025 మే నుంచి తప్పనిసరి ఫీజులన్నీ ధరలో కలిపే చూపించాలని ఇక్కడ ఫెడరల్ రూల్ వచ్చింది, బాగానే ఉంది, కానీ ఐచ్ఛికం అని పెట్టిన పార్కింగ్ అందులో రాదు, అది విడిగా అడగాల్సిందే.

ఫిబ్రవరికి మళ్ళీ బుక్ చేశా, అత్తయ్య గారు వాళ్ళు వస్తున్నారు. ఎన్ని స్టార్లో ఈసారి చూడనే లేదు, ఆ పొగమంచు రోజు కాఫీ ఇచ్చిన హోటలే. ఫోన్ చేసి గదిలో కెటిల్ ఉందా అని అడిగా, లేదు కానీ టిఫిన్ హాల్లో వేడి నీళ్ళు రాత్రంతా ఉంటాయి అన్నారు. తెనాలికి ఫోన్ చేసి చెప్తే అత్తయ్య గారు "ఆ పెద్దావిడ ఇంకా పని చేస్తోందా, కనుక్కో, జంతికలు తెస్తాను" అన్నారు. అది అడగడం మర్చిపోయా, రేపు మళ్ళీ చెయ్యాలి.